హృదయమునకు కొలబద్ద కలదా?



ఒకరిని గుఱించి “చదువు లేకున్నను మనసెఱిగి మెలగును” అనియు, మఱియొకరిని గుఱించి “ఎంత చదివిననేమి, ఎదుటివారి మనసు తెలియదు” అనియు మన యిండ్లలో తఱచుగా వినుచుందుము. పుస్తకముల తెలివి వేఱు, మనసుల నెఱుగు తెలివి వేఱు అను సంగతి మనకు క్రొత్త కాదు. ఈ రెండవ దానికే మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు “భావోద్వేగ ప్రజ్ఞ” యని పేరిడి, కొలుచుటకు పూనుకొనిరి. నేడు పాఠశాలలలోను, ఉద్యోగముల యెంపికలోను ఈ మాట వినబడుచున్నది. స్త్రీ ఓర్పునే ఈ ప్రజ్ఞయని పొగడి యూరకుండువారును కలరు. కావున అది యేమో, ఏమి కాదో మనము తెలిసికొనుట యవసరము.

మొదట బుద్ధిని కొలిచిన విధము చూతము. పాఠశాలలో ప్రత్యేక సహాయము కావలసిన పిల్లలను గుర్తించుటకై ఫ్రాన్సు దేశమున 1905లో బినే, సైమన్ అను పండితులు ఒక పరీక్షను కల్పించిరి. దానినుండియే క్రమముగా “ప్రజ్ఞాలబ్ధి” యను అంకె పుట్టినది. ఆ అంకెలో మనుష్యుని తెలివి యంతయు ఇమడదని పలువురు తలచిరి. అమెరికాలో థార్న్‌డైక్ 1920లో “సాంఘిక ప్రజ్ఞ”ను వేఱుగ చెప్పెను. 1983లో హోవర్డ్ గార్డనర్ తన్ను తానెఱుగుటయు, పరుల నెఱుగుటయు వేఱ్వేఱు ప్రజ్ఞలని వ్రాసెను.

అంకె యొక్కటియే చాలదనుటకు మా సికిందరాబాదుననే నిదర్శనము కలదు. బుద్ధి వికాసము కొఱవడిన పిల్లల కొఱకు 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ ఇచ్చట మనోవికాస్ నగరున నున్నది. ఇట్టి లోపమును నిర్వచించుటలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము బుద్ధిశక్తిని మాత్రమే గాక, నిత్యజీవనమునకు వలయు సాంఘిక, వ్యావహారిక నైపుణ్యములను గూడ లెక్కలోనికి తీసికొన్నది. వాని కొలతకై అమెరికాలో ఎడ్గార్ డాల్ 1935లో వైన్‌లాండ్ మాపకమును కల్పించెను. మన దేశమునకు తగినట్లు దానిని నాగపూరున మాలిన్ మార్చెను. బిడ్డ తానే భుజించునా, దుస్తులు ధరించునా, తోడివారితో కలిసి ఆడునా యని అందులో అడుగుదురు. జవాబు చెప్పునది ఆ బిడ్డను ప్రతిదినము చూచుచుండు తల్లియో, పెంచువారో. కొలత యనగా కాగితము, కలమే కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక భావోద్వేగ ప్రజ్ఞ. 1990లో పీటర్ సలోవే, జాన్ మేయర్ అను వారు దీనిని శాస్త్రీయముగ నిర్వచించిరి. 1997లో దానిని నాలుగు శాఖలుగ విభజించిరి. ముఖమునందును స్వరమునందును భావమును గుర్తించుట మొదటిది. ఆలోచనకు భావమును తోడుగ చేసికొనుట రెండవది. భావము లెట్లు పుట్టునో, ఎట్లు మాఱునో గ్రహించుట మూడవది. తనలోను, పరులలోను వానిని చక్కదిద్దుట నాలుగవది. 1995లో డేనియల్ గోల్‌మన్ వ్రాసిన గ్రంథముతో ఈ మాట లోకమంతట వ్యాపించినది.

మన ప్రాచీనులకు ఈ చూపు లేకపోలేదు. భరతముని నాట్యశాస్త్రమున స్థాయిభావములు ఎనిమిదింటిని, వ్యభిచారిభావములు ముప్పదిమూటిని చెప్పెను. అందు “అవహిత్థ” యనగా లోని భావమును పైకి కనబడనీయక దాచుట. అత్తవారింటినుండి వచ్చిన కూతురు “అంతయు బాగున్నదమ్మా” యని నవ్వునప్పుడు ఆ నవ్వులోని అవహిత్థను కనుగొన్న తల్లి మొదటి శాఖ పరీక్షలో నెగ్గినట్లే.

కొలుచు విధములు రెండు. మొదటిది తన్ను గుఱించి తానే చెప్పుట. 1997లో రూవెన్ బార్-ఆన్ ప్రకటించిన ప్రశ్నావళిలో 133 వాక్యము లుండెను. అవి తనకెంతవఱకు వర్తించునో పరీక్షార్థియే చెప్పవలెను. రెండవది పని యిచ్చి చూచుట. మేయర్, సలోవే, కరూసో అనువారు 2002లో ప్రకటించిన పరీక్షలో 141 ప్రశ్నలు కలవు. ముఖచిత్రమును చూపి అందే భావ మెంత యున్నదని అడుగుదురు. ఒక కథ చెప్పి ఆ స్థితిలో ఏది చేసిన మేలని అడుగుదురు.

రెండింటను చిక్కులు కలవు. వంట బాగుగ చేయుదునని చెప్పుట వేఱు, వండి వడ్డించుట వేఱు. అట్లే తన కిచ్చుకొన్న మార్కులకును, పనిలో వచ్చిన మార్కులకును పొత్తు స్వల్పమని పరిశోధకులు కనుగొనిరి. ఇంగ్లండున 2000లో పెట్రైడిస్, ఫర్న్‌హామ్ ప్రకటించిన పరిశీలనలో ఈ ప్రజ్ఞ తమకే హెచ్చని పురుషులు తలచిరి. ప్రశ్నావళిలో సాంఘిక నైపుణ్యములందు మాత్రము స్త్రీలే మిన్నగ నుండిరి. ఇక పని యిచ్చి చూచినప్పుడు సరియైన జవాబు నిర్ణయించువా రెవరు? లెక్కకు జవాబొక్కటే, దుఃఖమునకు అట్లు కాదు. పై పరీక్షలో వేలకొలది జనుల యభిప్రాయమును గాని, భావములను పరిశోధించిన 21 మంది పండితుల యభిప్రాయమును గాని ప్రమాణముగ గైకొనిరి. అమెరికావాసులకు మర్యాదగ తోచునది మన యుమ్మడి కుటుంబమున తగునా యను శంక అచ్చటనే పుట్టును.

ముఖ్యముగ గ్రహింపవలసినది మఱియొకటి. నాలుగవ శాఖలో చెప్పిన చక్కదిద్దుట యనగా అణచుట కాదు. అప్రియమైన భావమునకును మనసు తెఱచి, అది చెప్పు సంగతిని వినుటయు అందులో చేరియున్నది. అన్యాయము జరిగినచోట కోపము వచ్చుట అజ్ఞానము కాదు. ఆ కోపమును గుర్తించి, దాని కారణము నెఱిగి, తగిన చోట తగిన మాట పలుకుటయే ప్రజ్ఞ. నోరు మూసికొని భరించు కోడలికి ఈ ప్రజ్ఞ యున్నదనియు, న్యాయమడిగిన కోడలికి లేదనియు చెప్పుట శాస్త్రసమ్మతము కాదు.

కావున మన బాలబాలికలకు ఎవరైన ఈ పరీక్ష పెట్టి అంకె నిచ్చినయెడల, అది ఏ విధమున కొలిచినదో ముందు అడుగుడు. అంకె తక్కువైనదని బిడ్డను చిన్నబుచ్చవలదు. ఏడ్చుచు వచ్చిన మగబిడ్డను “ఆడపిల్లవలె ఏడ్చెదవేల” యని గద్దింపక, “భయమా, అవమానమా, అలసటయా” యని అడిగి, తన భావమునకు తానే పేరు పెట్టుట నేర్పుడు. ఈ విద్యకు రుసుము లేదు. ప్రతి యింటను పాఠశాల కలదు.