ఊపిరితిత్తిలో గాలి బుడగ

సబ్హాన్ కర్మాగారాలలో పనిచేసే మనవారి ఛాతీ సి.టి. స్కాన్ రిపోర్టులో ‘సిస్టు’, అంటే గాలి బుడగ, అని వస్తే గడ్డ కాదు కదా అని ఊరట చెందడం సహజం. చాలా బుడగలు హాని లేనివే. అయితే అరుదుగా క్యాన్సర్ బుడగ గోడలోనే మొదలవుతుంది. 2012లో వెలువడిన ఒక పరిశీలనలో, స్క్రీనింగులో బయటపడిన 706 ఊపిరితిత్తి క్యాన్సర్లలో 26 ఇలాంటివే.

గోడ మందం 2 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నా, బొడిపె లేచినా, లోపల అరలు ఏర్పడినా అనుమానించాలి. అమెరికన్ రేడియాలజీ కాలేజీ 2022లో ఇటువంటి బుడగలను తన స్క్రీనింగ్ సూచనలలో చేర్చింది.

మార్పు తెలిసేది పాత స్కానుతో పోల్చినప్పుడే. కనుక ఇక్కడ తీయించినా, సెలవులో ఇంటివద్ద తీయించినా, ఆ సి.డి.లను పాస్‌పోర్టులంత భద్రంగా దాచి, డాక్టరుగారికి తప్పక చూపించండి.