చేతిలోని ఫోను – కంప్యూటరుకు కన్ను

"వెబ్‌క్యామ్" అనే మాట వినని విద్యార్థి నేడు మన కళాశాలలో లేడంటే అతిశయోక్తి కాదు. 2020లో కరోనా వచ్చి తరగతి గదులకు తాళాలు పడ్డప్పటినుంచీ పాఠమూ, పరీక్షా, ఉద్యోగానికి ఇంటర్వ్యూ, చివరికి పెళ్ళిచూపులు కూడా కంప్యూటరు తెరమీదికి ఎక్కాయి. అయితే తెర ముందు కూర్చున్న మనిషిని అవతలివాళ్ళకు చూపించే ఆ చిన్న కన్ను సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు. చాలా ల్యాప్‌టాపుల్లో అది మసక కన్ను. బల్లమీద పెట్టుకొనే కంప్యూటర్లలో చాలావాటికి అసలు కన్నే వుండదు. మంచిది కొనాలంటే వేలతో పని. రైతు ఇంట్లో వేల రూపాయలంటే ఒక కోత కూలి. ఒక పురుగుమందు పిచికారీ.

కాని మంచి కన్ను మన జేబులోనే వుంది. మనం రోజూ వాడే స్మార్ట్‌ఫోనును ఒక యు.ఎస్‌.బి. తీగతో కంప్యూటరుకు తగిలించి, దానినే వెబ్‌క్యామ్‌గా వాడుకోవచ్చు. ఇది ఎలా సాధ్యం? ఆ తీగలో జరిగేదేమిటి? దానితో మన విద్యార్థులకు ఏం ప్రయోజనం? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాఫీ కూజాతో మొదలు

వెబ్‌క్యామ్ పుట్టుక చాలా విచిత్రమైనది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ కంప్యూటరు ప్రయోగశాలలో ట్రోజన్ రూమ్ అనే గది దగ్గర ఒక కాఫీ యంత్రం వుండేది. వేరే అంతస్తుల్లో పనిచేసేవాళ్ళు మెట్లు దిగి, నడిచి అక్కడికి వచ్చేసరికి కూజా ఖాళీ! ఈ బాధ పడలేక 1991లో క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ కూజావైపు ఒక కెమెరాను తిప్పి పెట్టి, దాని బొమ్మ అందరి కంప్యూటర్లలోనూ కనిపించే ఏర్పాటు చేశారు. నలుపు తెలుపుల బొమ్మ. అడ్డంగా 128 చుక్కలు, నిలువుగా 128 చుక్కలు. అంతే. 1993లో దాన్ని ఇంటర్నెట్‌కు కలిపితే ప్రపంచం నలుమూలలనుంచీ జనం ఆ కూజాను చూశారు. 2001లో దాన్ని ఆపివేశారు. అవసరం ఎంత చిన్నదైనా దానికి ఒక ఉపాయం పుడుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఫోను కన్ను ఎందుకు మేలు?

ల్యాప్‌టాపు మూత చాలా పలుచన. అంత సన్నని చోటులో ఇమడాలి కాబట్టి అందులోని కటకమూ, దాని వెనుకవుండే కాంతిగ్రాహకమూ మరీ చిన్నవిగా వుంటాయి. వెలుతురును వానతో పోల్చుకుందాం. ఒకే వాన కురిసినా, సెంటు మడిలో చేరే నీళ్ళెన్ని? ఎకరం చేలో చేరే నీళ్ళెన్ని? గ్రాహకం వైశాల్యం పెరిగితే అది పట్టే కాంతీ పెరుగుతుంది. కాంతి చాలకపోతే బొమ్మలో ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. ఫోను వెనుకవైపు కెమెరాలో గ్రాహకం పెద్దది, కటకం మంచిది. వచ్చిన బొమ్మను సరిదిద్దే చిప్పు కూడా లోపలే వుంటుంది.

ఈ గ్రాహకం స్వతహాగా రంగులు గుర్తించలేదు. కాబట్టి దానిమీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ళ జల్లెడ వంటిది పరుస్తారు. ప్రతి నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చవి. మానవ నేత్రం ఆకుపచ్చను ఎక్కువగా గుర్తిస్తుంది గనుక ఈ ఏర్పాటు. కొడాక్ కంపెనీకి చెందిన బ్రైస్ బేయర్ దీనికి 1976లో పేటెంటు పొందాడు. దాదాపు అర్ధశతాబ్దం గడిచినా నేటి ఫోన్లలో అత్యధిక భాగం ఆ పద్ధతినీ, దాని రూపాంతరాలనూ అనుసరిస్తున్నవే.

తీగలో పట్టని వరద

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. లెక్కంటే భయపడే ఆర్ట్సు మిత్రులు కూడా దయచేసి పేజీ తిప్పవద్దు. ఇది ఒట్టి గుణకారమే.

వెబ్‌క్యామ్ బొమ్మ సాధారణంగా అడ్డంగా 1280, నిలువుగా 720 చుక్కలు. మొత్తం 9,21,600 చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు రంగులు, ఒక్కో రంగుకు 8 బిట్లు, వెరసి 24 బిట్లు. అంటే ఒక్క బొమ్మకు 2,21,18,400 బిట్లు. కదలిక సాఫీగా కనిపించాలంటే సెకనుకు 30 బొమ్మలు పంపాలి. గుణిస్తే సెకనుకు 66 కోట్ల 35 లక్షల 52 వేల బిట్లు!

మరి తీగ మోయగలిగిందెంత? యు.ఎస్‌.బి. మొదటి రూపం 1996లో వచ్చింది. దాని రూపకల్పనలో ముఖ్యుడు ఇంటెల్ కంపెనీ ఇంజనీరు అజయ్ భట్. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదువుకున్న భారతీయుడు. అప్పటి గరిష్ఠ వేగం సెకనుకు కోటీ 20 లక్షల బిట్లు. 2000లో వచ్చిన రెండవ రూపం 48 కోట్లకు పెరిగింది. 2008లో వచ్చిన మూడవ రూపం 500 కోట్లు. కాని మన చేతుల్లో వుండే మామూలు ఫోన్లలో చాలావాటికి కొత్త టైప్-సి రంధ్రం వున్నా, లోపలి వేగం మాత్రం ఆ రెండవ రూపానిదే. 66 కోట్ల వరదను 48 కోట్ల కాలువలోకి వదిలితే గట్టు తెగుతుందే గాని నీరు పారదు.

అందుకని బొమ్మను కుదించి పంపుతారు. కళ్ళంలో మనం ఏం చేస్తాం? నూర్చిన ధాన్యాన్ని చేటలో ఎత్తి, గాలివాలుకు తూర్పార పడతాం. పొల్లు ఎగిరిపోతుంది, గింజ కాళ్ళదగ్గర పడుతుంది. బస్తాలకెత్తేది గింజనే. బొమ్మలో కూడా పొల్లు వుంది. బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు వున్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో వెలుగు నెమ్మదిగా మారే పాలెంత, చకచక మారే పాలెంత అని గణితంతో వేరు చేస్తారు. చకచక మారే సూక్ష్మభేదాలను మన కన్ను అంతగా గుర్తించదు. వాటిలో చాలా భాగాన్ని వదిలేసినా చూసేవాడికి తెలియదు. అదే పొల్లు.

ఈ గణితానికి డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అని పేరు. దీన్ని 1974లో ప్రకటించిన ముగ్గురూ మన దేశంనుంచి అమెరికా వెళ్ళినవారే కావడం మనకు గర్వకారణం. బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. వీరిలో కామిశెట్టి రామమోహనరావుగారు మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, తర్వాత టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో చిరకాలం ఆచార్యులుగా వున్నారు. 1992లో వచ్చిన జె.పి.ఇ.జి. బొమ్మల పద్ధతికి పునాది ఈ గణితమే. ఆ పద్ధతితో మన 66 కోట్ల వరద పదోవంతుకు తగ్గినా బొమ్మ చూడముచ్చటగానే వుంటుంది. ఇక కాలువ సరిపోతుంది. ఫొరియర్ సిరీస్ ఎందుకు చదవాలని విసుక్కునే మిత్రులు, కొసైను మన ఇంట్లోకి ఎలా వచ్చిందో గమనించాలి.

"ఎవరి తాలూకు?"

ఊళ్ళోకి కొత్తమనిషి వస్తే రచ్చబండమీది పెద్దలు "ఎవరి తాలూకు నాయనా, ఏం పనిమీద వచ్చావు?" అని అడుగుతారు గదా! తీగ గుచ్చగానే కంప్యూటరు కూడా అచ్చంగా ఇదే అడుగుతుంది. తగిలించిన పరికరం తన తరగతి సంఖ్య చెప్పుకోవాలి. కీబోర్డు, మౌసుల తరగతి 3, ప్రింటర్లది 7, పెన్‌డ్రైవులది 8, వీడియో పరికరాలది 14. ఈ పద్నాలుగో తరగతివాళ్ళు ఎలా మాట్లాడాలో చెప్పే నియమావళి 2003లో వచ్చింది. దాన్నే యు.వి.సి. అంటారు. "నేను పద్నాలుగో తరగతి" అని ఫోను చెప్పగలిగితే చాలు, కంప్యూటరుకు అది ఫోను కాదు, కెమెరాయే. వేరే సాఫ్ట్‌వేరు అక్కరలేదు.

ఇప్పుడు ఆచరణలోకి వద్దాం. మార్గాలు రెండు.

మొదటిది రాజమార్గం. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో ఈ సౌకర్యం చేర్చారు. తీగ గుచ్చి, ఫోను పైనుంచి క్రిందికి లాగితే యు.ఎస్‌.బి. గురించిన సూచన కనబడుతుంది. దానిమీద నొక్కి, వచ్చే జాబితాలో "వెబ్‌క్యామ్" ఎంచుకోవాలి. తర్వాత కంప్యూటరులో మీటింగు పెట్టుకొనే చోట కెమెరా పేరు మార్చుకుంటే సరి. అయితే అన్ని కంపెనీలవాళ్ళూ దీన్ని తమ ఫోన్లలో వుంచలేదు. జాబితాలో ఆ మాట లేకపోతే మీ ఫోనుకు లేదన్నమాట. ఆపిల్ ఫోనూ, ఆపిల్ కంప్యూటరూ వున్నవారికి 2022నుంచీ ఇటువంటి ఏర్పాటే వుంది.

రెండవది కాలిబాట. పాత ఫోన్లకు ఇదే దారి. డ్రాయిడ్‌క్యామ్, ఇరియున్ వంటి అప్లికేషను ఒకటి ఫోనులోనూ, దాని జోడీ కంప్యూటరులోనూ పెట్టుకోవాలి. ఫోనులోది బొమ్మలను తీసి, కుదించి, తీగలోకి వదులుతుంది. కంప్యూటరులోది వాటిని అందుకొని, లేని కెమెరా ఒకటి వున్నట్టుగా సృష్టించి, దానిద్వారా మీటింగుకు అందిస్తుంది. డ్రాయిడ్‌క్యామ్ వంటివాటికి తీగమీద ఆండ్రాయిడ్ ఫోనులో "యు.ఎస్‌.బి. డీబగ్గింగ్" అనేదాన్ని తెరవాలి. సెట్టింగులలో ఫోను వివరాలున్న చోట "బిల్డ్ నంబరు" మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్లు బయటపడతాయి. అందులో వుంటుంది ఇది.

"తీగ ఎందుకు, వైఫై వుంది గదా?" అని అడగవచ్చు. హాస్టల్లో నలభైమంది ఒకే వైఫైని పంచుకొనే చోట బొమ్మ ఆగి ఆగి వస్తుంది. తీగ ఒక్కరిదే, పోటీ లేదు. పైగా కొంత ఛార్జింగు కూడా ఎక్కుతుంది. ఒక్క జాగ్రత్త – యు.ఎస్‌.బి. రెండవ రూపం తీగలో నాలుగు తంతులుంటాయి. రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. చవక తీగలు కొన్నింటిలో సమాచారపు తంతులే వుండవు. ఛార్జింగు ఎక్కుతుంది గాని కంప్యూటరు ఫోనును గుర్తించదు. అప్పుడు ఫోనును తిట్టకుండా తీగను మార్చి చూడాలి.

మన ప్రయోగశాలలో

దీని ఉపయోగం ఇంటర్వ్యూలతోనే ఆగిపోదు. వృక్షశాస్త్ర ప్రయోగశాలను తీసుకోండి. ఉల్లి వేరు కొనలో కణవిభజన చూపించే స్లైడు ఒకటి, మంచి మైక్రోస్కోపు ఒకటి, చూడవలసినవాళ్ళు నలభైమంది. వరుసలో నిలబడి ఒక్కొక్కరూ అరనిమిషం కన్ను పెడతారు. "మెటాఫేజ్ కనిపించిందా?" అని మాస్టారు అడిగితే "కనిపించింది సార్" అంటారు. నిజంగా కనిపించింది ఎందరికో ఆ దేవుడికే తెలియాలి. కొందరు తమ కనురెప్ప వెంట్రుకలనే చూసి వస్తారు! రికార్డులో బొమ్మ మాత్రం అందరూ పక్కవాడిది చూసి వేస్తారు.

ఫోను వెనుకవైపు కెమెరాను ఐపీసుకు ఎదురుగా, కొంచెం ఎడంగా, కదలకుండా బిగించి, తీగతో కంప్యూటరుకు కలిపి, ప్రొజెక్టరు వెలిగిస్తే? 10 రెట్ల ఐపీసు, 40 రెట్ల ఆబ్జెక్టివ్ కలిసి 400 రెట్లు పెద్దదైన కణం గోడమీద ప్రత్యక్షమవుతుంది. మాస్టారు వేలు పెట్టి "ఇదుగో క్రోమోజోములు, మధ్యలో వరుస కట్టాయి చూడండి" అని చెప్పగలరు. వెనుక బెంచీలోవాడు కూడా "సార్, ఆ పక్కది అనాఫేజ్ కాదా?" అని అడగగలడు. అడగడానికి ముందు కనబడాలి గదా! కెమిస్ట్రీలో బ్యూరెట్టు కొలత, ఫిజిక్సులో వెర్నియర్ గీత కూడా ఇలాగే తరగతి మొత్తానికి చూపవచ్చు. కొత్త యంత్రం కొనేందుకు నిధుల కోసం ఎదురుచూడనక్కరలేదు.

మూలపడేసిన పాత ఫోను కూడా దీనికి చాలు. తెర పగిలినా తాకితే పనిచేస్తూ, కెమెరా బాగుంటే అది పనికివచ్చే వస్తువే. మా వైపు విరిగిన నాగలి కర్రను పారెయ్యరు. పందిరి గుంజకో, గొడ్లసావిట్లో కొయ్యకో వాడతారు.

కొన్ని జాగ్రత్తలు

ఒకటి: డీబగ్గింగ్ అంటే ఇంటి వెనుకవాకిలి తెరవడం. పని కాగానే మూసివేయాలి. ఇంటర్నెట్ సెంటరులోని పరాయి కంప్యూటరుకు ఆ అనుమతి ఇవ్వరాదు. ఇస్తే ఫోనులోని సమాచారం వాళ్ళ చేతికి అందే ప్రమాదముంది.

రెండు: ఆండ్రాయిడ్ 12నుంచీ కెమెరా పనిచేస్తున్నంతసేపూ తెర మూల ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది. ముఖ్యంగా హాస్టళ్ళలో వుండే సోదరీమణులు ఈ గుర్తును గమనిస్తూ వుండాలి. పని అయ్యాక తీగ పీకి, ఫోనును బోర్లా కాదు, వెల్లకిలా పెట్టాలి. వెనుక కెమెరా బల్లను చూస్తూ వుంటుంది.

మూడు: రెండవ రూపం యు.ఎస్‌.బి. రంధ్రం సాధారణంగా ఇచ్చేది 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. కెమెరా గంటలకొద్దీ నడిస్తే ఇది చాలకపోవచ్చు. ఫోను వేడెక్కుతుంది కూడా. బ్యాటరీ ఉబ్బిన పాత ఫోనును మాత్రం చస్తే వాడవద్దు. అది నిప్పుతో చెలగాటం.

నాలుగు: ఫోనును అడ్డంగా, కళ్ళ ఎత్తులో నిలపాలి. రికార్డు పుస్తకాలు నాలుగు పేర్చినా చాలు. కిటికీ మన ఎదుట వుండాలి గాని వీపువెనుక వుండరాదు. ధ్వనికి కంప్యూటరు మైకునో, ఇయర్‌ఫోనునో వాడుకోవడం మేలు.

ముగింపు

పల్లెనుంచి వచ్చి, తెరమీద ఇంటర్వ్యూ ఇచ్చే విద్యార్థి చదువులో తక్కువవాడు కాకపోవచ్చు. కాని అవతలివాళ్ళకు అతని ముఖం మసకగా, మాట తెగి తెగి చేరితే, మంచి సమాధానం కూడా సగమే చేరుతుంది. పట్నంలో మంచి కెమెరా ముందు కూర్చున్నవాడితో సమానంగా కనబడే హక్కు అతనికీ వుంది. ఆ హక్కు ఒక తీగ ఖరీదులో దొరుకుతున్నప్పుడు, తెలియక పోగొట్టుకోవడం న్యాయం కాదు. మన విద్యార్థి సంఘం వచ్చే ఏడాది ఒక మంచి తీగ, ఒక స్టాండు కొని గ్రంథాలయంలో వుంచితే, ఇంటర్వ్యూ వున్న ప్రతి విద్యార్థీ పుస్తకం తీసుకున్నట్టే సంతకం పెట్టి తీసుకోవచ్చు. సంఘ నాయకులూ, మాస్టార్లూ, పూర్వ విద్యార్థులైన పెద్దలూ ఈ చిన్న కోరికను మన్నిస్తారని ఆశిస్తున్నాను.

– తృతీయ సంవత్సరం బి.యస్‌సి.