కొలువులో కొండపల్లి బొమ్మ, పళ్ళెంలో అరిసె

ధనుర్మాసం సగానికొచ్చిందంటే కృష్ణాతీరం ఇళ్ళల్లో రెండు పనులు మొదలవుతాయి. అటక మీంచి బొమ్మల పెట్టె దించడం, అరిసెలకి బియ్యం నానబోయడం. కొలువు దసరాకి కదా అంటారా? దసరాకి పెట్టేవాళ్ళూ ఉన్నారు. మా వైపు మాత్రం భోగినాటి కొలువుదే సందడంతా.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. పై మెట్ల మీద దశావతారాలు, కింద ఊరు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, రోకలి పట్టిన ఆడవాళ్ళు... ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేరాలని పెద్దవాళ్ళ మాట.

ఆ బొమ్మలు విజయవాడ పక్కనున్న కొండపల్లివి. తెల్లపొణికి కర్ర చాలా తేలిక. దాన్ని సన్నని సెగ మీద తడి పోయేదాకా ఆరబెడతారు. కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూత ఆరాక రంగులు. ఈ రంగులద్దే పని చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళదే. ఇప్పుడు ఆ కర్రే కరువైంది. అందుకే ఉన్న బొమ్మల్ని కాపాడుకోవాలి.

నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. మా అమ్మ ఇచ్చిన తాటిచెట్టు బొమ్మని శుభ్రంగా ఉండాలని తడిగుడ్డతో తుడిచాను. గీత కార్మికుడి ముఖం గుడ్డకి అంటుకొచ్చింది! పొడి కుంచెతో దుమ్ము దులిపి, పాత నూలుగుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసి దాస్తే చాలు.

బొమ్మకి తడి పనికిరాదు, అరిసెకి తడి ఆరకూడదు. ఒక రోజంతా నానిన బియ్యాన్ని వడకట్టి, చెమ్మ ఉండగానే పిండి పట్టించాలి. 1 కిలో బియ్యానికి 750 గ్రాముల బెల్లం సుమారుగా సరిపోతుంది. పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కావాలి. అప్పుడు దించి, నెయ్యి, నువ్వులు, పిండి వేసి కలపండి. ముదిరితే అరిసె రాయే, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. వేగినదాన్ని అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె తీసేయండి.

భోగి సాయంత్రం పిల్లల తలమీద రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, చిల్లర డబ్బులు పోశాక పేరంటాళ్ళు కొలువు దగ్గరికొస్తారు. హారతి, పసుపు కుంకుమ, నానబెట్టిన శనగలు, తాంబూలంలో రెండు అరిసెలు. కింద మెట్టు మీద రోకలి పట్టిన బొమ్మలు ఇంకా దంచుతూనే ఉంటాయి. మనం మాత్రం మిల్లు దగ్గర వరసలో నిలబడి వచ్చాం!