పాత కారుకు కొత్త బ్రేకులు

వేగంగా పోతున్న కారును డ్రైవరు బ్రేకు వేసి ఆపాడు. కారు ఆగింది. మరి అంతవరకూ దానిలో ఉన్న శక్తి ఏమైనట్టు?

శక్తి నశించదనీ, రూపం మార్చుకుంటుందనీ మీరు పాఠాల్లో చదువుకున్నారు. కదిలే కారులో ఉన్నది గతిశక్తి. బ్రేకు దాన్ని ఘర్షణ ద్వారా వేడిగా మారుస్తుంది. ఎంత వేడి? లెక్క కట్టి చూద్దాం.

మనుషులతో కలిపి 1,500 కిలోలున్న కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. దాని గతిశక్తి 3 లక్షల జౌళ్లు. 30 డిగ్రీల వేడిలో ఉన్న ఒక లీటరు నీటిని మరిగే స్థితికి తేవడానికి దాదాపు ఇంతే శక్తి కావాలి.

ఇప్పుడు అదే కారు తిరుమల కొండ దిగుతోందనుకోండి. 600 మీటర్ల ఎత్తు దిగేసరికి 88 లక్షల జౌళ్లు వెలువడతాయి. ఇది 30 లీటర్ల నీటిని, అంటే రెండు బిందెల నీళ్లను మరిగించేటంత శక్తి! ఇందులో కొంత గాలి, కొంత ఇంజను పంచుకుంటాయి. మిగిలినదంతా బ్రేకులే భరించాలి.

డ్రమ్ము బ్రేకు కథ

అంబాసిడర్ కారు తెలియనివారు మన దేశంలో అరుదు. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1950ల చివర మొదలైన దాని తయారీ 2014లో ఆగిపోయింది. తొలినాటి అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి.

డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె లాంటిది. దాని లోపల నెలవంక ఆకారంలో రెండు షూలు ఉంటాయి. పెడలు తొక్కగానే బ్రేకు ఆయిలు పీడనానికి షూలు విచ్చుకుని, డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుంటాయి. ఇందులో ఒక చమత్కారం ఉంది. తిరిగే డ్రమ్ము ఒక షూను తనలోకి లాక్కుని మరింత బిగిస్తుంది. తలుపు కింద చెక్కముక్క దూర్చితే, నెట్టేకొద్దీ బిగుసుకుంటుంది కదా, అలాగన్నమాట. అందువల్ల డ్రైవరు కాస్త తొక్కినా బ్రేకు గట్టిగా పడుతుంది.

మరి లోపం ఎక్కడ? వేడి గిన్నె లోపలే పుడుతుంది, తొందరగా బయటికి పోలేదు. వేడెక్కిన లోహం వ్యాకోచిస్తుంది. డ్రమ్ము వెడల్పై షూలకు దూరంగా జరుగుతుంది. పెడలు కిందికి దిగిపోతుంది. పైగా అతిగా వేడెక్కిన షూ లైనింగు పట్టు కోల్పోతుంది. దీన్నే బ్రేక్ ఫేడ్ అంటారు. ఘాట్‌రోడ్డు మలుపులో ఇది జరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పళ్లెం వచ్చింది

సైకిలు చక్రం అంచును రెండు రబ్బరు ముక్కలు ఇటూ అటూ నొక్కి పట్టుకోవడం మీరు చూసే ఉంటారు. డిస్క్ బ్రేకు సూత్రమూ ఇదే. చక్రంతో పాటు ఒక లోహపు పళ్లెం తిరుగుతుంది. కాలిపర్ అనే పట్టకారు లాంటి భాగం దాన్ని రెండు ప్యాడ్ల మధ్య నొక్కుతుంది. పళ్లెం ఆరుబయట ఉంటుంది కనుక గాలి తగిలి త్వరగా చల్లారుతుంది. వేడికి వ్యాకోచించినా దాని మందం ప్యాడ్ల వైపే పెరుగుతుంది, దూరం కాదు. నీళ్లు పడినా విసిరేస్తుంది.

ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే ఈ రకం బ్రేకుకు పేటెంటు పొందాడు. అయితే దాని సత్తా లోకానికి బాగా తెలిసింది 1953లో. ఫ్రాన్సులోని లె మాన్‌లో జరిగే 24 గంటల పందెంలో ఆ ఏడు డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచింది. సగటు వేగం గంటకు 100 మైళ్లు దాటింది. ఆ పందెంలో అంతకు ముందెన్నడూ అలా జరగలేదు. మలుపు మలుపుకూ బ్రేకు వేసినా అవి నీరసించకపోవడమే అందుకు ఒక ముఖ్య కారణం. 1955లో వచ్చిన సిత్రోన్ డి.ఎస్. కారుతో ఇవి మామూలు ప్రయాణికుల చెంతకూ చేరాయి.

పళ్లెం మారిస్తే చాలునా?

పాత కార్లంటే ఇష్టపడేవారు కొందరు డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టిస్తుంటారు. బ్రేకు వేసినప్పుడు మీరు ముందుకు తూలినట్టే కారు బరువూ ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. అందుకే మొదట ముందు చక్రాలకే మారుస్తారు. పాత లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం, కనుక ఊది శుభ్రం చేయకూడదు.

అసలు చిక్కులు తరువాత వస్తాయి. డిస్కులో షూ తనంతట తాను బిగుసుకునే చమత్కారం లేదు. కాలి బలం చాలదు. అందుకని బూస్టరు బిగించాలి. ఇంజను గాలి పీల్చుకునే గొట్టం నుంచి దీనికి శూన్యం అందుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న బూస్టరు పలక మీద వాతావరణ పీడనం సుమారు 200 కిలోల బరువు పెట్టినంత బలంతో నెట్టగలదు!

కాలిపర్‌కు ఆయిలు ఎక్కువ కావాలి. కాబట్టి మాస్టర్ సిలిండరూ మార్చవలసి రావచ్చు. అప్పుడే ముందు, వెనుక చక్రాలకు వేర్వేరు గదులున్న సిలిండరు పెడితే ఒక గొట్టం పగిలినా రెండవ జత పనిచేస్తుంది. వెనుక బ్రేకులకు పోయే పీడనాన్ని కూడా సరిచూడాలి. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుపోతే కారు గిర్రున తిరిగిపోతుంది. ఇదంతా చేయి తిరిగిన మెకానిక్కు చేయవలసిన పని.

ఒక్క మాట గుర్తుంచుకోండి. బ్రేకు ఆపేది చక్రాన్ని. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. అరిగిన టైర్లుంటే ఏ బ్రేకైనా ఏం చేస్తుంది? బాగున్న డ్రమ్ము బ్రేకు మొదటిసారి డిస్కుతో సమానంగానే ఆపవచ్చు. తేడా తెలిసేది వరుసగా పదోసారి వేసినప్పుడు.

పెట్రోలు ఆదా అవుతుందని కొందరు ఇంజను ఆపి కొండ దిగుతారు. ఇది ప్రాణాంతకం. ఇంజను ఆగితే, ఒకటి రెండుసార్లు పెడలు తొక్కేసరికి బూస్టరు సాయం అయిపోతుంది. పైగా ఇంజను పంచుకునే భారమూ బ్రేకుల మీదే పడుతుంది. తక్కువ గేరులో, నెమ్మదిగా దిగడమే మేలు.

చివరగా మీకో లెక్క. మన కారు గంటకు 72కు బదులు 36 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఆపేటప్పుడు ఎంత వేడి పుడుతుంది? సగం అనుకుంటే పొరపాటే. కాగితం, కలం తీసుకుని చూడండి!