ట్యూనింగ్ చేసిన బండి కొనాలా, మనమే చేయించుకోవాలా?

స్పోర్ట్స్ కార్లను హాస్టల్ గోడల మీది బొమ్మల్లోనే చూస్తాము. మా కుల్కచర్ల కుర్రాళ్లకు స్పోర్ట్స్ కారంటే యమహా ఆర్.ఎక్స్.100. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఈ బండి కోసం నేటికీ ఊరూరా వెతుకుతారు. మెకానిక్ ట్యూనింగ్ చేసి అమ్మేది ఒకటి, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న పాతది ఇంకొకటి. ఏది కొనాలి?

మా పెద్దనాయిన కొడుకు మొదటిదే కొన్నాడు. ఐదు క్వింటాళ్ల కందులు అమ్మిన పైసలు దానికే పోయినవి. "ఎక్కి చూడు తమ్మీ, గాలే!" అన్నాడు. నిజంగా గాలే. పదకొండో రోజున పరిగి దారిలో ఇంజను పట్టేసింది. వెనుక కూర్చున్నది నేనే. చక్రం ఆగి బండి అడ్డం తిరిగింది. మోకాళ్లు చిట్లినవి. ఎదురుగా లారీ ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

ఎందుకు పట్టేసింది? టూ-స్ట్రోక్ ఇంజనులో సిలిండరు గోడకున్న రంధ్రాలను, అనగా పోర్టులను, పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. ట్యూనింగ్ అంటే ముఖ్యంగా ఆ పోర్టులను గీకి పెంచడం, సైలెన్సరు మార్చడం. దానితో పై వేగంలో గాలి ఎక్కువ పోతుంది. దానికి తగ్గట్టు కార్బురేటరులో జెట్ మార్చకపోతే పెట్రోలు చాలదు, వేడి పెరుగుతుంది. అల్యూమినియం ఇనుముకన్నా సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుందని ఇంటర్‌లోనే చదివాము. పిస్టను ఉబ్బి ఇనుప లైనరును కరచుకుంటుంది. మా అన్న బండిలో పోర్టులు పెంచినవాడు జెట్ పాతదే ఉంచాడు. బ్లాకు విప్పేదాకా ఎవరికి తెలుస్తది?

ప్లగ్గు విప్పి చూసినా కొంత తెలిసేది. టీ రంగు మంచిది, తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. మేము హారన్ మాత్రం చూసినం!

మనమే చేయించుకుంటే ఏం చేశామో మనకు తెలుస్తుంది, అదొక్కటే లాభం. ఖర్చు మాత్రం ఎక్కువే. ఫలితమూ లెక్క వేయండి. బోరు 50, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు, 98 సి.సి. బోరు 52 చేస్తే 106. ఎనిమిది శాతం కోసమా ఇదంతా? వేగం 60 నుంచి 80కి పెరిగితే గతిశక్తి 1.78 రెట్లవుతుంది. ఆపవలసినవి ఆ పాత డ్రమ్ బ్రేకులే. అనంతగిరి మలుపుల్లో దిగినవారికి చెప్పనక్కరలేదు.

అందుకే ముట్టుకోని బండి కొని, ఉన్నది ఉన్నట్టు బాగుచేయించుకోవాలని నా అభిప్రాయం. చట్టమూ అదే వైపున్నది. తయారీదారు ఇచ్చిన మూల రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్.సి. రెన్యువల్ చేయించాలి, అప్పుడు బండిని తనిఖీ చేస్తారు. కొనేముందు ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి.తో సరిచూడండి. మా అన్న ఆ పని బండి కొన్న నెలకు చేశాడు. ఇంజను నంబరు కలవలేదు.