నిమిషానికి పన్నెండు, నూటికి ఆరు

తొలిరోజు డ్యూటీకి వచ్చిన ఆండర్సన్ అనే అమ్మాయికి జడ్జి డ్రెడ్ తమ నగరాన్ని మూడు అంకెల్లో చెప్పేస్తాడు. నిమిషానికి 12 తీవ్రమైన నేరాలు. రోజుకు 17 వేలు. వాటిలో జడ్జీలు వెళ్లగలిగేది నూటికి ఆరింటికి. ఆ గొంతులో జాలీ ఉండదు, కోపమూ ఉండదు. బస్సు టైము చెప్పినట్టు చెబుతాడు. ఏ కేసుకు వెళ్లాలో నువ్వే తేల్చుకో అంటాడు. ఒక భవనంలో మూడు శవాలు దొరికాయన్న కేసును ఆ అమ్మాయి ఎంచుకుంటుంది. సినిమా కథంతా ఆ ఎంపికలోంచే వస్తుంది.

2012 సెప్టెంబరులో విడుదలైన ‘డ్రెడ్’ నిడివి 95 నిమిషాలు. దర్శకుడు పీట్ ట్రావిస్. రాసిందీ, నిర్మాతల్లో ఒకరూ అలెక్స్ గార్లాండ్. డ్రెడ్‌గా కార్ల్ అర్బన్, ఆండర్సన్‌గా ఒలివియా థర్ల్‌బీ, మత్తుమందు ముఠాను నడిపే మా-మా పాత్రలో లీనా హెడీ నటించారు. బ్రిటన్‌లో 18 ఏళ్లు నిండినవాళ్లే చూడాలని సర్టిఫికెట్ ఇచ్చారు. ఇవ్వాల్సిందే, ఎందుకంటే ఇందులో నెత్తురు నిజంగానే ఎక్కువ. ఆ నెత్తురు మాటున అంకెలు ఎవరికీ కనబడకుండా పోయాయని నాకు అనిపిస్తుంది. ఈసారి కాగితం, పెన్సిలు పెట్టుకుని చూశాను.

ముందు డ్రెడ్ లెక్క సరిగ్గా ఉందో లేదో చూద్దాం. నిమిషానికి 12 అంటే గంటకు 720, రోజుకు 17,280. అంటే అతను చెప్పిన 17 వేలు సరిపోయింది. అందులో ఆరు శాతం 1,037. మిగిలిన 16,243 చోట్లకు ఎవరూ వెళ్లరు. మరోలా చెప్పాలంటే, మనం ఈ సినిమా చూస్తూ కూర్చున్న 95 నిమిషాల్లో ఆ నగరంలో 1,140 తీవ్ర నేరాలు జరుగుతాయి. జడ్జీలు చేరుకునేది 68 చోట్లకు. ఆ అరవై ఎనిమిదిలో ఒక్కదాన్ని మనకు చూపిస్తున్నారు.

ఆ నగరం పేరు మెగా-సిటీ వన్. అణుయుద్ధం తర్వాత అమెరికాలో మిగిలిన నేలంతా ఎడారి. బోస్టన్ నుంచి వాషింగ్టన్ దాకా ఒకే కాంక్రీటు ఊరు, దాని చుట్టూ గోడ, లోపల 80 కోట్ల మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 2011 లెక్కల్లో 8.46 కోట్లు. అలాంటి తొమ్మిదిన్నర రాష్ట్రాల జనాన్ని ఒక్క ఊళ్లో కూరినట్టు. ఇది గాల్లోంచి పుట్టిన ఊహ కూడా కాదు. బోస్టన్–వాషింగ్టన్ మధ్య ఊళ్లన్నీ కలిసిపోయి ఒకే మహానగరంగా మారుతున్నాయని భూగోళ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ 1961లోనే ‘మెగాలోపొలిస్’ పేరుతో పెద్ద పుస్తకం రాశాడు. నిజంగా ఆ పట్టీలో ఇప్పుడున్నది దాదాపు 5 కోట్ల మంది. కథలో దానికి పదహారు రెట్లు.

ఇక్కడే నన్ను ఆపేసిన లెక్క వచ్చింది. రోజుకు 17,280 అంటే ఏడాదికి 63 లక్షల పైచిలుకు. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ దాన్ని 80 కోట్ల మందికి పంచి చూడండి. లక్ష జనాభాకు 788 వస్తుంది. హత్య, అత్యాచారం, దోపిడీ, తీవ్రమైన దాడి, ఈ నాలుగింటినీ అమెరికాలో ఎఫ్‌బీఐ హింసాత్మక నేరాలుగా లెక్కగడుతుంది. ఆ దేశంలో ఈ రేటు ఎన్నడూ లేనంత పైకి పోయిన ఏడాది 1991. ఆ ఏడాది లక్ష మందికి 758. తీవ్రమైన నేరమంటే ఏమిటో సినిమా విడమర్చి చెప్పదు కాబట్టి రెండింటినీ ఒకే తక్కెడలో తూచేశానని నేను అనను. అయినా ముప్పై తేడా ఎంత? అణుబాంబులు పడ్డాక, ఎడారి మధ్య, గోడల వెనక ఉన్న ఆ పీడకల ఊరు నేరాల మోతాదులో 1991 నాటి అమెరికాకు పక్కింటిదే. అప్పుడు అక్కడి మనుషులు ఉద్యోగాలకు వెళ్లారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని బడికి పంపారు. సినిమా వచ్చిన 2012 నాటికి ఆ రేటు 387 దరిదాపులకు, అంటే సగానికి దిగింది.

మెగా-సిటీ వన్‌ను నరకం చేసింది నేరాల సంఖ్య ఒక్కటే అయ్యుంటే ఆ నరకంలో అమెరికా అప్పటికే కాపురం చేసి బయటపడింది. అసలు భయం రెండో అంకెలో ఉంది. నూటికి 94 ఇళ్ల ముందు ఎవరూ బండి దిగరు. మిగిలిన ఆరింటికి వచ్చే మనిషి పోలీసూ తనే, న్యాయమూర్తీ తనే, తలారీ తనే. ఫిర్యాదు, కోర్టు, వకీలు, అప్పీలు అన్నీ ఒక హెల్మెట్‌లో ఇమిడిపోయాయి. మనుషుల కొరత తీరక న్యాయాన్ని కుదించుకుంటూ పోతే చివరికి మిగిలేది ఇదే.

ఇప్పుడు ఆ మూడు శవాల దగ్గరికి వద్దాం. చోటు ‘పీచ్ ట్రీస్’ అనే 200 అంతస్తుల పేదల బ్లాకు. ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో ఉన్న ఒక రెస్టారెంటు పేరు దీనికి పెట్టారు. ఈ సినిమాకు మూలమైన కామిక్ సృష్టికర్త జాన్ వాగ్నర్‌తో స్క్రిప్టు గురించి మాట్లాడే రోజుల్లో గార్లాండ్ వెళ్లిన చోటు అది. ఇవాళ ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన బుర్జ్ ఖలీఫాకు ఉన్నది 163 అంతస్తులు. బ్లాకు మధ్యలో పైనుంచి కింది దాకా ఖాళీ, బావిలాగా. తనకు ఎదురొచ్చిన ముగ్గురి చర్మం ఒలిపించి, వాళ్లకు ‘స్లో-మో’ అనే మత్తు పీల్పించి, మా-మా పైఅంతస్తు నుంచి ఆ బావిలోకి తోయిస్తుంది.

స్లో-మో అంటే కాలం మెదడుకు నూరో వంతు వేగంతో నడుస్తున్నట్టు అనిపించే మందు. ఒక సెకను వంద సెకన్లు అవుతుంది. చూసేవాళ్లలో చాలామందికి ఆ తోసేయడం ఒక హత్య, అంతే. లెక్క వేస్తే గానీ దాని క్రూరత్వం తెలియదు. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున తక్కువలో తక్కువ వేసుకున్నా 200 అంతస్తులు 600 మీటర్లు. గాలి అడ్డుకోవడాన్ని పక్కన పెడితే అంత ఎత్తు నుంచి పడే మనిషి 11 సెకన్లలో నేలను తాకుతాడు. నూరు రెట్లు చేయండి. ఒలిచిన ఒంటితో ఆ ముగ్గురు తమ లెక్కలో 18 నిమిషాలకు పైగా పడుతూనే ఉన్నారు. ప్రతి అంతస్తు గుమ్మాన్నీ, అక్కడ నిలబడి చూస్తున్న ప్రతి ముఖాన్నీ చూసుకుంటూ పడ్డారు. మా-మా కొన్నది వాళ్ల చావును కాదు, ఆ పద్దెనిమిది నిమిషాలను. సినిమా ఈ లెక్కను నోటితో చెప్పదు. నూరో వంతు అన్న మాట ఒకటి, 200 అన్న అంకె ఒకటి మన ముందు పెట్టి ఊరుకుంటుంది.

ఆ మందు మత్తును తెర మీద చూపించడమూ అంకెల పనే. మామూలు సినిమా సెకనుకు 24 ఫ్రేములు. కాలం నూరో వంతు నడిచినట్టు కనబడాలంటే 2,400 ఫ్రేములు తీయాలి. ఛాయాగ్రాహకుడు ఆంథొనీ డాడ్ మాంటిల్ ఇందుకోసం ఫాంటమ్ ఫ్లెక్స్ అనే హైస్పీడ్ కెమెరాలు వాడాడు. ముంబయిలో తీసిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు ఆస్కార్ అందుకున్నది ఈయనే. స్నానాల తొట్టిలో మా-మా మందు పీల్చి నీళ్లలోంచి చెయ్యి పైకెత్తే షాటు చూడండి. వేళ్ల నుంచి విడిపోయిన నీటి చుక్కలు కింద పడవు. ఒక్కొక్కటీ గుండ్రంగా, మెరుస్తూ, పూసల దండ తెగినట్టు గాల్లో నిలిచిపోతాయి. ఆమె వాటిని పసిపిల్లలా చూస్తుంది. 96వ అంతస్తులోనో 140వ అంతస్తులోనో పుట్టి, పని లేక, బయటికి పోయే దారి లేక బతికే మనిషికి ఆ మందు ఎందుకు కావాలో ఆ ఒక్క షాటులో అర్థమవుతుంది. తర్వాత తూటా ఒకడి చెంపలోంచి దూసుకుపోయే షాటునూ అదే అందంతో తీశారు. అప్పుడు ఇబ్బందిగా కదులుతాం. కదలాలనే అలా తీశారని నా నమ్మకం.

డ్రెడ్ పుట్టింది అమెరికాలో కాదు, బ్రిటన్‌లో. ‘2000 ఏడీ’ అనే వారపత్రిక 1977 ఫిబ్రవరిలో మొదలైంది, వెల 8 పెన్నీలు. డ్రెడ్ వచ్చింది రెండో సంచికలో, మార్చి 5 తేదీతో. పాత్ర ఊహ వాగ్నర్‌ది, రూపం స్పెయిన్‌వాడైన కార్లోస్ ఎజ్‌క్వెర్రాది. ఎజ్‌క్వెర్రా ఫ్రాంకో నియంతృత్వంలో పెరిగిన మనిషి. డ్రెడ్ భుజం మీద కూర్చున్న గద్దను ఆ కాలపు స్పెయిన్ నుంచే తెచ్చాడు. ఆ గద్దను గుర్తుపడితే డ్రెడ్‌ను హీరో అనుకోవడం కష్టం. కామిక్‌లో ఇంకో వింత, అక్కడ కాలం మన కాలంతో సమానంగా నడుస్తుంది. 1977లో మొదలైన కథ 2099లో జరుగుతుంది. కాబట్టి ఎప్పుడూ మనకన్నా 122 ఏళ్లు ముందు. డ్రెడ్‌కూ ఏటా ఒక ఏడు మీద పడుతుంది. జనాభా మాత్రం తగ్గుతూ వచ్చింది. 80 కోట్లు 1982 నాటి యుద్ధ కథలో 40 కోట్లయ్యాయి. సినిమా వచ్చిన 2012లోనే ముగిసిన మరో కథలో మహమ్మారి 35 కోట్ల మందిని తీసుకుపోయింది. మిగిలింది 5 కోట్లు. బోస్టన్–వాషింగ్టన్ పట్టీలో ఇవాళ నిజంగా ఉన్నంత మంది.

ఇదే కామిక్‌ను 1995లో సిల్వెస్టర్ స్టాలోన్‌తో 9 కోట్ల డాలర్లు పోసి తీశారు. అందులో హెల్మెట్ తొందరగానే ఊడింది, స్టార్ ముఖం కనబడాలి కదా. 2012లో కార్ల్ అర్బన్ మొదటి నుంచి చివరిదాకా హెల్మెట్ తీయలేదు. కనబడేది పెదవులు, గడ్డం. చట్టానికి ముఖం ఉండకూడదన్న కామిక్ నియమాన్ని ఒక నటుడు తన ముఖాన్ని వదులుకుని పాటించాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది అందుకే.

పోలీసే తీర్పు చెప్పి అక్కడే అమలు చేయడమంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. ‘ఎన్‌కౌంటర్’ అన్న ఇంగ్లిష్ మాటకు మన దగ్గర స్థిరపడిన అర్థమే చాలు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు తూటాలకు చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ పదిమంది పోలీసులను హత్య కేసులో విచారించాలని 2022లో చెప్పింది. ఆ పూలు చల్లినవాళ్ల కడుపుమంట నాకు తెలుసు. కోర్టుల్లో ఏళ్లు గడిచే చోట నూటికి ఆరు అన్న మాట వాళ్లకూ అనుభవమే. అయినా సరే, ఆ తెల్లవారుజాము గుర్తుంటే ఈ సినిమాలో తూటాలకు ఈల వేయబుద్ధి కాదు.

వసూళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఖర్చు 3 నుంచి 4.5 కోట్ల డాలర్ల మధ్య చెబుతారు. షూటింగ్ దక్షిణాఫ్రికాలో, కేప్‌టౌన్, జొహానెస్‌బర్గ్‌లలో జరిగింది. అమెరికాలో దాదాపు 2,500 థియేటర్లలో విడుదలై తొలి వారాంతంలో 63 లక్షల డాలర్లు తెచ్చింది. అంటే థియేటరుకు 2,500 డాలర్లు. ప్రపంచమంతా కలిపి 4.1 కోట్లు. అందులో థియేటర్ల వాటా పోతే నిర్మాతలకు నష్టమే. డిస్కులుగా ఇళ్లకు చేరాక అభిమానులు పెరిగారు, రెండో భాగం కావాలని సంతకాలు సేకరించారు. అది రాలేదు.

అంకెల్లో ఇమడనిది ఈ సినిమాలో ఆండర్సన్. ఆమెకు ఎదుటివాళ్ల మనసు చదివే శక్తి ఉంది. జడ్జీల పరీక్షలో మాత్రం కొద్దిలో తప్పింది, ఆ శక్తి కోసమే మరో అవకాశం ఇచ్చారు. పీచ్ ట్రీస్‌లో గాయపడి కింద పడ్డ ఒకడికి డ్రెడ్ ఎదుటే మరణశిక్ష వేసి, తడబడుతున్న చేత్తో కాలుస్తుంది. తర్వాత మా-మా భవనం తలుపులన్నీ మూయించి వేటాడిస్తున్నప్పుడు ఇద్దరూ ఒక ఇంట్లో తలదాచుకుంటారు. అక్కడ పసిబిడ్డతో ఒక తల్లి. మొగుడు ఆ ముఠాలోనే ఉన్నాడు, వాడు తిరిగొచ్చేలోగా వెళ్లిపొమ్మని దారి చెబుతుంది. ఆండర్సన్ కళ్లు గోడ మీద ఫొటోకు తగులుతాయి. తను కాల్చిన మనిషి. ఏమీ మాట్లాడదు. కెమెరా ఆ ముఖం మీద కాసేపు ఆగుతుంది.

చివర్లో ముఠా కంప్యూటర్లు చూసే కుర్రాడు ఆమెకు చిక్కుతాడు. మా-మా వాడి కళ్లు పీకించి యంత్రాలు పెట్టించి పని చేయించుకుంది. చట్టం ప్రకారం వాడికీ శిక్ష పడాలి. ఆండర్సన్ వాడి మనసు చదివి, ఏం భరించాడో చూసి, వదిలేస్తుంది. తుపాకీ పోగొట్టుకున్న జడ్జి ఎలాగూ ఫెయిలే కాబట్టి ఇక తను చేయగలిగిన మంచి ఇదొక్కటేనని డ్రెడ్‌కు చెబుతుంది. బయటికొచ్చాక బ్యాడ్జి అతని చేతిలో పెట్టి వెళ్లిపోతుంది. చీఫ్ జడ్జి వచ్చి అమ్మాయి సంగతేమిటని అడుగుతుంది. పాసయిందని డ్రెడ్ చెబుతాడు. నియమాల ప్రకారం అప్పటికి ఆమె రెండుసార్లు ఫెయిలయింది.