కౌబాయ్ బెల్టుకు కుట్టే ప్రాణం!

కౌబాయ్ అనగానే టోపీ, గుర్రం, తుపాకీ కళ్ళముందు మెదులుతాయి. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’తో హీరో కృష్ణ ఆ సరదా తెలుగువాళ్ళకు మప్పాడు. మరి ఆ తుపాకీ బరువు మోసే తోలు బెల్టు సంగతి?

డోన్‌లో చెప్పులు కుట్టే ఓ పెద్దాయన దగ్గర కూర్చుని చూశాను. ముందు ఆరెతో సమాన దూరంలో బెజ్జాలు పొడిచాడు. మైనం రాసిన ఒకే దారం, దాని రెండు కొసలకూ రెండు సూదులు! ప్రతి బెజ్జంలోంచీ రెండూ ఎదురెదురుగా దూరాల్సిందే.

“మిషను కుట్టు ఒక తావ తెగితే వరసగా ఊడొస్తాది సార్. ఇది ఒక పక్క తెగినా రెండో పక్క పట్టుకోనుంటాది” అన్నాడు.

ఇక అసలు సోకంతా అంచుది. సన్నటి తోలు వారును బెజ్జాల్లోంచి తీస్తూ అంచు చుట్టూ అల్లాలి. మామూలు చుట్టుకుట్టుకే అంచు పొడవుకు మూడు, మూడున్నర రెట్లు వారు కావాలి. జడలా అల్లితే ఏడు రెట్లదాకా! మధ్యలో చాలకపోతే అతుకే గతి.

ఇంత పనికీ పూటంతా పడుతుంది. బజారులో చౌక బెల్టు మాత్రం నిమిషంలో దొరుకుతుంది. దాని పొరలను పట్టి ఉంచేది జిగురు. అది వీడిందా, బెల్టు కథ కంచికే!

ఈసారి బకిలు మెరుపుకు పడిపోకండి. అంచు వంచి కుట్టు చూడండి. చేతిపనికి అడిగిన కూలి ఇవ్వండి. మోసగాళ్ళకు మోసగాడు తెరమీదే దొరుకుతాడు గురూ, బజారులో కాదు!